పంచర్ పడ్డవాడు మనవాడేనా?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే సైకిళ్ళు తొక్కే గుంపులన్నీ చివరికి ఏదో ఒక ఇడ్లీ బండి దగ్గర తేలతాయి. మా గుంపూ అంతే. ఈమధ్య ఒక ఆదివారం అక్కడ పెద్ద గొడవే అయింది. విషయం చిన్నది. శంకర్‌పల్లి రోడ్డు మీద పంచర్ పడి నిలబడ్డ ఒకతన్ని మాలో ముగ్గురు దాటుకుని వచ్చేశారు. ఇద్దరు ఆగారు. ఆగినవాళ్ళు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, “మీరెందుకు ఆగలేదు?” అని అడిగారు. ఆగనివాళ్ళు, “ఎందుకాగాలి?” అన్నారు. ఇడ్లీలు చల్లారిపోయాయి.

నేను ఆగాలనే పక్షం. గట్టిగానే మాట్లాడాను. ఆ రోజు వాదనలో మేమే గెలిచామని ఇంటికెళ్ళేదాకా సంబరపడ్డాను కూడా. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ గెలుపు ఎంత పనికిమాలినదో చెప్పడానికి. కానీ ముందు అవతలివాళ్ళ వాదన సరిగ్గా చెప్పాలి. వాళ్ళు దుర్మార్గులేం కాదు. ఆ ముగ్గురిలో ఒకడు నా ప్రాణస్నేహితుడు.

వాళ్ళు చెప్పిన మొదటి మాట: సొంత సామాను లేకుండా ఊరి బయటికి రావడమే తప్పు. స్పేర్ ట్యూబు, టైర్ లీవర్లు, పంపు, ఇవి లేకుండా నలభై కిలోమీటర్లు బయల్దేరినవాడు ఎవరో ఒకరు ఆగుతారులే అనే ధీమాతోనే బయల్దేరుతాడు. మనం ఆగిన ప్రతిసారీ ఆ ధీమాని పెంచుతున్నాం. ఒకసారి ఐదు కిలోమీటర్లు తోసుకుంటూ నడిస్తే మళ్ళీ జన్మలో పంపు మర్చిపోడు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ సైకిల్ తొక్కేవాళ్ళెవరికైనా తెలుసు, సామాను ఉన్నవాడికీ దారి మూసుకుపోతుందని. ఒక పంచర్‌కి ట్యూబు వాడేశాక రెండో పంచర్ పడుతుంది. ఆర్నెల్ల కిందట మూత తీసిన సొల్యూషన్ ట్యూబు నొక్కితే ఏమీ రాదు, లోపల ఎండిపోయి ఉంటుంది. టైరు లోపల ఇరుక్కున్న సన్నని తీగముక్క కంటికి కనిపించక కొత్త ట్యూబునీ పొడిచేస్తుంది. ఇవన్నీ నాకు జరిగాయి. అసలు మనలో ఎవరం పంచర్ వెయ్యడం పుట్టుకతో నేర్చుకున్నాం? ఎప్పుడో ఎవరో ఆగి, పక్కన కూచుని, “ఇలా కాదు, లీవర్ ఇటు పెట్టు” అని చూపిస్తేనే కదా. పాఠం చెప్పడానికి నడిపించడం ఒక పద్ధతి, ఆగి చూపించడం ఇంకో పద్ధతి. మొదటిదానిలో గురువుకి చెమట పట్టదు. దాని మీద మోజంతా అందుకే.

రెండో మాట ఇంకొంచెం పెద్దది. బ్రెవేలు తొక్కేవాడొకడు ఎత్తుకున్నాడు. బ్రెవే అంటే పోటీ కాదు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 600 నలభై గంటల్లో, అలా గడువు లోపల పూర్తి చెయ్యాలి. మన కోసం వెనకాల కారు రాకూడదు, కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప బయటివాళ్ళ సహాయం తీసుకోకూడదు. “చూశావా, స్వయంసమృద్ధి సైక్లింగ్‌కి పునాది. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో క్రిస్తాఫ్ ఏం చేశాడో తెలుసుగా?” అన్నాడు.

తెలుసు. సైకిల్ పిచ్చివాళ్ళందరికీ తెలిసిన కథే. పిరనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుండగా యుజేన్ క్రిస్తాఫ్ సైకిల్ ఫోర్కు విరిగింది. ఆ రోజుల్లో మరమ్మతు ఎవరికి వారే చేసుకోవాలని రూలు. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్ల పైన నడిచి, కింద ఊళ్ళో ఒక కమ్మరి కొలిమి దగ్గరికి చేరాడు. ఇనుము కాల్చి, సమ్మెట పట్టి, గంటల తరబడి కూచుని ఫోర్కు తనే అతికించుకున్నాడు. పక్కన పోటీ అధికారులు నిలబడి కాపలా కాశారు. గెలవాల్సిన పోటీ చేజారిపోయింది, అయినా వదిలెయ్యలేదు. మనిషంటే అలా ఉండాలని మావాడి వాదన.

కానీ ఆ కథలో మావాడు చెప్పకుండా మింగేసిన ముక్క ఒకటుంది. అధికారులు క్రిస్తాఫ్‌కి జరిమానా వేశారు. ఎందుకు? రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కొలిమితిత్తి ఊదడానికి ఒక కుర్రవాణ్ణి సాయం తీసుకున్నాడు. గాలి కొట్టిన ఆ పిల్లవాడి వల్ల శిక్ష పడింది. వందేళ్ళ తర్వాత ఆ కథ విన్నవాడు ఎవడైనా అధికారుల పక్షాన నిలబడతాడా? అంత మొండివాడైన క్రిస్తాఫ్‌కి కూడా గాలి కొట్టేవాడొకడు కావలసి వచ్చింది. కథ చెప్పేది అది. ఇక బ్రెవే రూలంటారా, అది వద్దన్నది వెనకాల కార్లో వచ్చే సొంత పరివారాన్ని. డబ్బున్నవాడు కారు పెట్టుకుని లేనివాడి మీద పైచేయి సాధించకూడదని. దారిలో ఒక రైడర్ ఇంకో రైడర్‌కి ట్యూబు ఇవ్వకూడదని అందులో ఎక్కడా లేదు. ఇచ్చుకుంటూనే ఉంటారు. మా బ్రెవేవాడే ఒక అర్ధరాత్రి ఎవరో ఇచ్చిన లైటుతో గట్టెక్కాడు, ఆ సంగతీ గుర్తుచేశాను.

మూడో మాట భద్రత. దీన్ని తేలిగ్గా తీసెయ్యను. తెల్లారకముందు, మనుషుల్లేని సర్వీసు రోడ్డు మీద ఎవరో చెయ్యి ఊపితే ఆగాలా? మా గుంపులోని అమ్మాయిలు ఈ వాదనలో ఎక్కువ మాట్లాడలేదు. ఒకమ్మాయి మాత్రం ఒకే మాట అంది: “నేను ఆగడం వేరే లెక్క, నా కోసం ఎవరైనా ఆగడం ఇంకా వేరే లెక్క.” పంచర్ పడి నిలబడ్డప్పుడు ఒంటరి మగాడు వచ్చి ఆగితే ఆమెకి ముందు కలిగేది ఊరట కాదు. కాబట్టి ఒంటరిగా తొక్కే ఆడపిల్ల చీకట్లో ఎవరికోసమో ఆగి తీరాలని నేను అనను. కాస్త ముందుకెళ్ళి ఎవరికైనా చెప్పినా సాయమే. ఆమె ఆగి ఉంటే మనం పది అడుగుల దూరంలో ఆగి, దిగకుండానే, ఏమైనా కావాలా అని అడగాలి. వద్దంటే కదలాలి. ఇదంతా ఎలా ఆగాలి అన్న ప్రశ్నకి జవాబు. ఆగకపోవడానికి సాకు కాదు. భద్రత గురించి ఆ రోజు అందరికంటే పెద్ద గొంతుతో మాట్లాడింది ఆరడుగుల మగవాళ్ళు, అదీ ఆరుగురు గుంపుగా, సూర్యుడు నెత్తికొచ్చాక తొక్కేవాళ్ళు. కొందరు పోలీసు కేసు భయం కూడా ఎత్తారు. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళని ఆదుకునేవాళ్ళని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే మార్గదర్శకాలకి ఆమోదం చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణ సెక్షన్‌గానే చేరింది. అయినా పంచర్ వేస్తే కేసేమిటి?

నాలుగో మాట ఎవరూ పైకి అనలేదు కానీ అన్నిటికంటే నిజాయితీ అయినది అదే: వారానికి ఒక్క పొద్దున దొరుకుతుంది, ఊపు అందుకున్నాక ఆగబుద్ధి కాదు. దీన్ని నేను గౌరవిస్తాను. కనీసం ఇందులో ఎవరికీ పాఠం చెబుతున్నామనే నటన లేదు. కాకపోతే ఆగకుండానే ఆగిన పుణ్యం కొట్టేసే ఒక అలవాటుంది మనలో, దాన్ని మాత్రం వదిలెయ్యాలి. పక్కనుంచి దూసుకుపోతూ “ఓకేనా బ్రో?” అని అరుస్తాం. గంటకి 28 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు ఎనిమిది మీటర్లు. అవతలివాడు తలెత్తి, నోరు తెరిచి, “పంపుందా?” అనేలోపు మనం పదిహేను మీటర్ల అవతల ఉంటాం. జవాబు వినపడని దూరానికి వెళ్ళి అడిగేది ప్రశ్న కాదు.

ఇదీ ఆ ఆదివారం నేను చేసిన వాదన. తల ఊపినవాళ్ళు ఊపారు. బిల్లు కట్టి ఇళ్ళకి పోయాం.

తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను. ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డు దాటి శంకర్‌పల్లి వైపు వెళ్తున్నాను. ఎదురుగా సిటీ వైపు ఒకతను సైకిల్ తోసుకుంటూ నడిచి వస్తున్నాడు. పాత నల్ల సైకిల్, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా సంచీ. చూశాను. వెళ్ళిపోయాను. ఆగాలా వద్దా అనే ఆలోచన కూడా రాలేదు. దాన్నే ఇక్కడ ఒప్పుకోవాలి. ఆలోచించి వద్దనుకోవడం వేరు. నాకు ప్రశ్నే రాలేదు.

ఇంకో పది కిలోమీటర్ల తర్వాత రోడ్డు పక్కన హెల్మెట్ పెట్టుకుని ఒకతను కార్బన్ సైకిల్ తలకిందులుగా పెట్టి నిలబడ్డాడు. వెంటనే బ్రేకు మీద చెయ్యి పడింది. ముక్కూ మొహం తెలియని మనిషి. నా స్పేర్ ట్యూబు ఇచ్చాను, డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాను, ఇద్దరం చేతులు కలుపుకున్నాం. వారం కిందట వాదించినట్టే బతుకుతున్నానని తృప్తిగా తొక్కాను.

తిరిగొచ్చేటప్పుడు ఏడూ నలభైకి మళ్ళీ ఆ నల్ల సైకిల్ కనిపించింది. ఆరు కిలోమీటర్లు ముందుకొచ్చింది, అంతే. అతను ఇంకా తోసుకుంటూనే ఉన్నాడు. ఈసారి ఆగాను.

“ఏమైందన్నా?”

“తుమ్మముల్లు దిగింది సారూ. ఈడ దుకాణాలన్నీ బండ్లకే ఏస్తరంట. సైకిల్‌కి ఏయరంట.”

పంచర్ ఎలా వెయ్యాలో అతనికి నాకంటే బాగా తెలుసు. లేనివల్లా ప్యాచీ, సొల్యూషన్, పంపు. నా స్పేర్ ట్యూబు ఆ కార్బన్ సైకిల్లో ఎక్కడో తిరుగుతోంది, ఉన్నా ఇతని చక్రానికి పనికిరాదు, సైజు వేరు. నట్లు విప్పుదామంటే నా దగ్గరున్నవన్నీ అల్లెన్ కీలు, అతని సైకిల్‌కి కావలసింది స్పానర్. అతనికి అవేవీ అక్కర్లేదు. చక్రం ఊడదియ్యకుండానే నా లీవర్లతో టైరు ఒక పక్క ఎత్తి ట్యూబు బయటికి లాగాడు. టిఫిన్ డబ్బా మూత తీసి, నా బాటిల్లో నీళ్ళు అందులో పోయమన్నాడు. ట్యూబుని మూతలో ముంచుతూ జరుపుతూ పోతే బుడగలొచ్చాయి. గీశాడు, సొల్యూషన్ రాసి ఆరనిచ్చాడు, ప్యాచీ వేసి బొటనవేలితో నొక్కాడు. నా పంపు నా సైకిల్ సన్న వాల్వుకి తప్ప పట్టదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అతని వాల్వుకీ పట్టింది. గాలి మాత్రం నేను కొట్టాను. మొత్తం పన్నెండు నిమిషాలు. క్రిస్తాఫ్ కథలో నా వంతు ఏ పాత్రో అప్పుడు అర్థమైంది. తిత్తి ఊదిన పిల్లాడిది. అతను ఆరింటికే ఉండవలసినవాడు.

“ఎక్కడిదాకా అన్నా?” అని అడిగాను. సెంట్రింగ్ పని, అడ్డా మీదికి పోవాలన్నాడు. ఇంకా ఏడు కిలోమీటర్లు. తొందరగా వెళ్ళమన్నాను.

“ఎనిమిది దాటినంక మేస్త్రీలు ఎవరుంటరు సారూ? ఇయ్యాల కూలి పోయినట్టే. అయినా పోయి సూస్త.”

కూలీల అడ్డాలు చూసినవాళ్ళకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే మేస్త్రీలూ కాంట్రాక్టర్లూ వస్తారు, కావలసినవాళ్ళని ఎక్కించుకుపోతారు. ఆ వేళ దాటితే మిగిలినవాళ్ళు టిఫిన్ డబ్బా విప్పుకోకుండానే ఇంటికి పోతారు. ఆరింటికి నేను ఆగి ఉంటే అతను ఏడుకల్లా అక్కడ ఉండేవాడు. నా పన్నెండు నిమిషాలకి అటువైపు ఖరీదు ఒక రోజు కూలి. ఆ కార్బన్ సైకిలాయనకి ఆగకపోతే ఏమయ్యేది? ఫోన్ తీసి క్యాబ్ పిలిచేవాడు. వేళకే ఇంటికెళ్ళి టిఫిన్ చేసేవాడు.

ఇప్పుడు ఇడ్లీ బండి దగ్గర జరిగిన వాదనని మళ్ళీ తలుచుకోండి. ఆగాలన్నవాళ్ళమూ వద్దన్నవాళ్ళూ రెండు గంటలు ‘తోటి రైడర్’ అనే మాట వాడాం. ఆ మాట అన్న ప్రతిసారీ అందరి కళ్ళముందూ ఉన్నది హెల్మెట్, గాగుల్స్, బిగుతు జెర్సీ. ఈ రోడ్ల మీద మనకంటే ముందు నుంచీ తొక్కుతున్నవాళ్ళు ఉన్నారు. పాలవాళ్ళు, వాచ్‌మన్లు, అపార్టుమెంట్లు కట్టే కూలీలు, గేటెడ్ కాలనీల్లో ఇళ్ళపనికి వెళ్ళేవాళ్ళు. వారానికి ఒకరోజు కాదు, రోజూ. వాళ్ళని మనం సైకిలిస్టులు అనం. సైకిల్ మీద పోయేవాళ్ళు అంటాం. భాషలోనే గీత గీసేసుకున్నాం.

1934 టూర్‌లో రెనే వియెత్తో అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు తన చక్రం ఊడదీసి తన జట్టు నాయకుడికి ఇచ్చేసి, రోడ్డు పక్క గోడ మీద కూచుని ఏడ్చిన ఫొటో మన గుంపుల్లో చాలామందికి ఇష్టం. త్యాగమంటే అదీ అంటాం. ఆ కుర్రవాడి మీద నాకూ జాలే. కానీ ఆ చక్రం వెళ్ళింది సొంత జట్టు నాయకుడికి. సొంత జట్టుకి చేసేది బాధ్యత, మంచిదే. దాన్ని సాటిమనిషికి చేసిన సాయంగా లెక్క రాసుకోకూడదు. నేను కార్బన్ సైకిలాయనకి ట్యూబిచ్చి చేసింది అదే. మన జెర్సీకి మనం ఆగాం.

ఇది మనసుకి సంబంధించిన గొడవ మాత్రమే అయితే ఇంత రాయను. ఊరు మారింది. ఒకప్పుడు మన ఏ ఊళ్ళోనైనా గంటల లెక్కన అద్దె సైకిళ్ళిచ్చే షాపుండేది. దాని ముందు నీళ్ళ తొట్టీ, గాలి పంపూ ఉండేవి. పంచర్ పడ్డవాడు వీధి చివరిదాకా తోసుకుపోతే చాలు. అప్పుడు దారిన పోయేవాడు ఆగకపోయినా కొంప మునిగేది కాదు. ఇప్పుడు పంచర్ షాపులు బోలెడున్నాయి కానీ మోటారు సైకిళ్ళవి చాలావరకు ట్యూబ్‌లెస్ టైర్లు. రంధ్రంలో స్ట్రిప్పు దూర్చి, గాలి పట్టి, రెండు నిమిషాల్లో పంపించేస్తారు. సైకిల్ ట్యూబు లాగి, ముంచి, అతికించే ఓపిక ఎవడికుంది, దానికొచ్చే పదో ఇరవయ్యో ఎవడిక్కావాలి? ఔటర్ పక్కన 23 కిలోమీటర్లు పైన సోలార్ పలకలు కప్పిన సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. నేనూ దాని మీద తొక్కుతాను, ఎండా వానా తగలవు, హాయిగా ఉంటుంది. కానీ అది నార్సింగి నుంచి కొల్లూరుకీ, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీకీ పోతుంది. అడ్డా అటువైపు ఉంటేనే కూలీకి పనికొస్తుంది. మిగతా రోడ్డంతా అతను లారీల పక్కనే. అంటే ఆసరా ఇచ్చే షాపు పోయింది, ఆసరా ఇవ్వగలిగిన సామాను మొత్తం మన సీటు కింద సంచుల్లోకి చేరింది. అందుకే ఆగే బాధ్యత ఇప్పుడు మన మీద ఎక్కువ.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఒకటి, ఇది పెద్దమనిషి తరహా దయ కాదా అని. అతను అడగలేదు కదా, మనమెందుకు వెళ్ళి ఉద్ధరించాలి? నిజమే, ఉద్ధరించక్కర్లేదు. ఆ పొద్దున నేను ఎవర్నీ ఉద్ధరించలేదు కూడా. పని అతను చేశాడు, నేను ప్యాచీ ఇచ్చి గాలి కొట్టాను. అడిగి, కావాలంటే ఇచ్చి, వద్దంటే పోవడంలో దయేముంది? జెర్సీవాడి దగ్గర ఆగినప్పుడు రాని ఈ అనుమానం కూలీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పుట్టుకొస్తుందో ఆలోచించండి. రెండోది, ఎంతమందికని ఆగుతాం అని. నడిచేవాళ్ళందరికీ ఆగమనడం లేదు. బరువు వేసుకున్నవాడు తోసుకుంటూ నడవడం మామూలే. కానీ ఖాళీ సైకిల్‌ని చదును రోడ్డు మీద తోసుకుపోతున్నాడంటే ఏదో అయిందనే. అలాంటివాళ్ళు ఒక పొద్దున ఎందరు కనిపిస్తారు? ఒకరు. చాలాసార్లు అదీ ఉండదు.

కాబట్టి చెయ్యవలసింది పెద్దగా ఏమీ లేదు. స్పేర్ ట్యూబుతో పాటు ప్యాచీలూ తాజా సొల్యూషనూ పెట్టుకోండి. ట్యూబు మీ సైజుకే పడుతుంది, ప్యాచీ ఎవరికైనా పడుతుంది. ఆ రెండిటి ఖర్చు మన ఇడ్లీ-చాయ్ బిల్లు దాటదు. కార్బన్ డయాక్సైడ్ క్యాట్రిడ్జ్ ఉన్నా చేతిపంపు కూడా ఉంచుకోండి. ఒక చిన్న స్పానర్. పాత సైకిళ్ళ వాల్వుకి వేసే రబ్బరు గొట్టం రెండు ముక్కలు. చాలాసార్లు ముల్లూ గిల్లూ ఉండదు, ఆ రబ్బరు చిట్లి గాలి పోతుంది. అన్నిటికంటే ముందు, నడక వేగానికి తగ్గి, మొహం చూసి, “ఏమైందన్నా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఉండండి.

ఈ కథంతా మా ఇడ్లీ బండి దగ్గర చెప్పాను. ఆగకూడదని వాదించిన నా స్నేహితుడు చివరిదాకా విన్నాడు. విని, “నేను ఎవరికీ ఆగను. నువ్వు మనిషిని చూసి ఆగుతావు. మనిద్దరిలో ఎవడు నయం రా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వాడి మొండితనం నాకు నచ్చదు కానీ అందులో కులం, కూలి, జెర్సీ తేడా లేదు. నా మంచితనంలో ఉంది. ఆగాలని వాదించేవాళ్ళం ముందు తేల్చుకోవలసింది ఇదే. అవతలివాడి దగ్గర పంపు ఉందా, బాధ్యత ఉందా అనే ఆరా తర్వాత. మొన్నటి ఏడాదిలో మనం ఎవరెవరి కోసం ఆగామో ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. అందరికీ హెల్మెట్లే ఉంటే, మనం ఇంకా ఎవరి కోసమూ ఆగలేదని లెక్క.